మేకలు పదమూడు, కోళ్ళు పదిహేడు

కొత్తగా కొలువులో చేరిన లెక్కల టీచర్లతో నాలుగు మాటలు మాట్లాడమని పోయిన నెల జనగామకు పిలిచారు. వేదిక మీద నా గురించి ఒకాయన పెద్ద కాగితం చదివాడు. రాష్ట్ర స్థాయి అవార్డు గ్రహీత, తండాల పిల్లలకు, కూలీల పిల్లలకు లెక్కలు, సైన్సు దగ్గర చేసిన వ్యక్తి, ఇంకా ఏవేవో. రిటైరయ్యాక మనిషి మీద విశేషణాలు పెరుగుతాయి, వినేవాళ్ళ ఓపిక తగ్గుతుంది. అరగంట మాట్లాడి దిగాను. చివర ఒక చిన్నమ్మాయి లేచి అడిగింది: "మేడం, పిల్లలతో వాళ్ళ మాటల్లోనే ముందు చెప్పించాలె, తర్వాతనే పుస్తకం పద్ధతి అన్నరు గదా. ఇది మీకు ఎట్ల తోచింది?"

"అనుభవం మీద" అన్నాను. చప్పట్లు కొట్టారు.

ఇంటికి తిరిగి వెళ్ళడానికి లింగాల ఘనపూర్ బస్సులో కూర్చున్నాక ఆ జవాబు నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. అనుభవం అనేది ఒక ఆడపిల్ల. ఆ పిల్ల దగ్గర నేను నేర్చుకున్నాను, నా దగ్గర ఆ పిల్ల పోగొట్టుకుంది. ఆ సంగతి ఆ రోజు సభలో చెప్పాల్సింది. చెప్పలేదు కనుక ఇప్పుడు రాస్తున్నాను. ఆ చిన్నమ్మాయి చదువుతుందని ఆశ.

అప్పటికి మహబూబాబాద్ ఇంకా జిల్లా కాలేదు. దంతాలపల్లి వైపు ఒక ఊళ్ళో హైస్కూలుకు నన్ను బదిలీ చేశారు. వెళ్ళేటప్పటికే నాకు మంచి పేరుంది. నేను చెప్పిన చోటల్లా పదో తరగతి లెక్కల్లో అందరూ పాసయ్యేవాళ్ళు. ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది. లేదని అంటే అబద్ధం.

బడికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ, మూడు తండాల నుంచీ పిల్లలు వచ్చేవాళ్ళు. తండా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. ఆరో తరగతికి వచ్చేసరికి తెలుగు అర్థమవుతుంది, కానీ నోరు తెరవడానికి జంకుతారు. తొమ్మిదో తరగతిలో అలాంటి పిల్ల ఒకతె ఉండేది. మూడో వరుసలో గోడ పక్కన కూర్చునేది. సన్నగా, పొడుగ్గా ఉండేది. అటెండెన్స్ పిలిస్తే చెయ్యి లేపడం తప్ప మాట వచ్చేది కాదు. నోట్సు నీటుగా రాసేది కాదు. ప్రశ్న అడిగితే లేచి నిలబడి నేల చూసేది. నా మనసులో నేను తరగతిని మూడు భాగాలు చేసుకునేదాన్ని: వచ్చేవాళ్ళు, కష్టపడితే వచ్చేవాళ్ళు, గట్టెక్కించాల్సినవాళ్ళు. ఆమెను మూడో భాగంలో వేసి మళ్ళీ చూడలేదు.

ఆ ఏడు హాఫియర్లీ పరీక్షలో నేనొక లెక్క ఇచ్చాను. లెక్కలు చెప్పేవాళ్ళు చాలామంది ఇచ్చే ఉంటారు. ఒక ఇంట్లో మేకలు, కోళ్ళు కలిపి ముప్పై ఉన్నాయి. కాళ్ళన్నీ లెక్కపెడితే ఎనభై ఆరు. మేకలెన్ని, కోళ్ళెన్ని? ఎక్స్, వై అనుకుని రెండు సమీకరణాలు రాసి సాధించాలి. తరగతి మొత్తం మీద ఇద్దరికే సరైన జవాబు వచ్చింది. ఒకరు క్లాస్ ఫస్ట్ అమ్మాయి. స్టెప్పు తర్వాత స్టెప్పు, గీత కొట్టినట్టు రాసింది. రెండో పేపరు ఈ పిల్లది. అందులో ఎక్స్ లేదు, వై లేదు. ఒకే ఒక్క లైను: మేకలు పదమూడు, కోళ్ళు పదిహేడు.

పరీక్షలో వాళ్ళిద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. నాకు ఇంకేం ఆలోచన రాలేదు.

పేపర్లు పంచే రోజు ఆమెను బోర్డు దగ్గరకు పిలిచాను. చాక్‌పీసు చేతికిచ్చి "ఇది ఎట్లా వచ్చిందో చేసి చూపించు" అన్నాను. చాక్‌పీసు పట్టుకుని నిలబడింది. బోర్డు మీద ఒక చిన్న గీత గీసింది, చెరిపేసింది. "ఎక్స్ దేన్ని అనుకున్నవ్?" అని అడిగాను. "చూసి రాసినవా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "మరి చెప్పు." అప్పుడు ఆమె నోరు తెరిచింది. గొంతు లోపలే ఏదో అంది. తెలుగు కాదు. రెండు మూడు వాక్యాలు గబగబా అనేసి ఆగింది. ఒక చెయ్యి కొంచెం పైకి లేపి దించింది. ముందు బెంచీల వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు వెనక్కి పాకింది.

నేను కూడా నవ్వాను. పెద్దగా కాదు. అయినా ఆమె చూసింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను బీఈడీ కోస్తా జిల్లాలో చదివాను. మొదటి వారంలో ప్రాక్టీసు పాఠం చెప్తూ "గిట్ల గీస్తే" అన్నాను. మా లెక్చరరు ఆ మాటను పట్టుకుని రెండుసార్లు సాగదీసి పలికాడు. క్లాసంతా విరగబడి నవ్వింది. ఆ ఏడాది మిగిలిన నెలలు అవసరమైతే తప్ప నేను నోరు విప్పలేదు. మాట కోసం నవ్వించుకోవడం ఎలా ఉంటుందో తెలియని మనిషినేం కాదు. తెలిసీ నవ్వాను.

ఆ జవాబుకు సున్నా వేసి, పేపరు మీద ఎర్ర సిరాతో "చూచి రాసింది" అని రాశాను. తండ్రి సంతకం పెట్టించుకు రమ్మన్నాను. మర్నాడు తెచ్చింది. నేను రాసిన రెండు మాటల కింద వేలిముద్ర ఉంది.

స్టాఫు రూములో మా తెలుగు సారు ఆ పేపరు చూశాడు. ఆయనది ఆ పక్క ఊరే. నెమ్మదస్తుడు, కానీ మాట సూటిగా ఉండేది.

"గా పిల్ల చూసి రాస్తుంటె మీరు చూసిండ్రా మేడం?"

"చూడలేదు సార్. స్టెప్పులు లేవు కదా."

"స్టెప్పులు లేకుంటె దొంగతనమేనా? నా పేపర్ల గూడ ఆమె నాలుగు లైన్ల జవాబుకు ఒక్క లైనే రాస్తది. కానీ ఆ ఒక్క లైను తప్పు పోదు."

"మీ సబ్జెక్టు వేరు సార్" అన్నాను. మేం లెక్కలవాళ్ళం ఈ మాట చాలా తేలిగ్గా అంటాం.

వారం తిరగకుండానే ఆ పిల్ల బడికి రావడం మానేసింది. జనవరి అయిపోతోంది, మిర్చి ఏరే రోజులు. తండాల్లో సగం ఇళ్ళకు తాళాలు పడే కాలం అది. అమ్మానాన్నలతో పాటు చేతికొచ్చిన పిల్లలందరూ వెళ్తారు. అందుకే వెళ్ళిందనుకున్నాను. హాజరు పట్టీలో వరుసగా ఆబ్సెంట్లు పెట్టుకుంటూ పోయాను. ఆ పట్టీలో ఎందుకు రాలేదో రాసే గడి ఉండదు.

జూన్‌లో బడిబాట మొదలైంది. బడి మానేసిన పిల్లలను ఇంటింటికీ వెళ్ళి పిలవాలి. నాకూ తెలుగు సారుకూ ఆ తండా పడింది. ఆయన తండా లోపలికి వెళ్ళాడు. నేను బయట దున్నని చెలకలో మేకల వెనక ఆ పిల్లను చూసి అటు నడిచాను. నన్ను చూడగానే చేతిలో కర్ర కింద పడేసి, క్లాసులో నిలబడ్డట్టే నిలబడింది. ఎండకు నల్లబడింది. మిర్చి ఏరి ఏరి వేళ్ళ చివర్లు పొట్టు లేచి ఉన్నాయి.

ఇద్దరం రేగు చెట్టు పక్కన బండ మీద కూర్చున్నాం. తెలుగు సారు అడిగిన ప్రశ్న ఐదు నెలల నుంచీ లోపల గుచ్చుతోంది. చివరికి అడిగేశాను.

"కొట్టను, తిట్టను. ఆ మేకల లెక్క నిజంగా ఎట్లా చేసినవ్?"

ఆమె రేగు చెట్టు వైపు చూపించింది. ఒక మేక వెనక కాళ్ళ మీద లేచి నిలబడి, ముందరి కాళ్ళు కొమ్మకు ఆనించి ఆకు తింటోంది.

"మేక ఆకు కోసం గట్ల లేస్తది గద మేడం. నేను మేకలన్నిటిని గట్లనే లేపిన. అప్పుడు నేల మీద అందరివి రెండే కాళ్ళు. మేకకు రెండు, కోడికి రెండు. ముప్పైకి అరవై. మీరు ఎనభై ఆరు అన్నరు. మిగిలిన ఇరవై ఆరు మీదికున్నయి. మీదికున్నయి మేకలయే. ఒక్కదానికి రెండు. పదమూడు."

ఎక్కడా తడబడలేదు. ఇన్ని మాటలు ఆమె నోట నేను వినడం అదే మొదలు.

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"ఎవరు చెప్పలే. మేకల్ని చూస్త గద."

"మరి ఆ రోజు బోర్డు దగ్గర ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పిన మేడం" అంది. "మా మాటల చెప్పిన. తెల్గుల అంత తొందరగ రాలే. మీరు నవ్విండ్రు."

ఆ పద్ధతి లోకానికి కొత్తది కాదని తర్వాత తెలుసుకున్నాను. అయితే ఏం? ఆమెకు ఎవరూ నేర్పలేదు, తనంతట తను కనిపెట్టింది. అప్పటికి ఇరవై ఏళ్ళుగా వేలమంది పిల్లలతో ఎక్స్, వై రాయించిన నాకు ఒక్కసారి కూడా ఆ మేకలు కళ్ళ ముందు లేచి నిలబడలేదు. పుస్తకంలో లెక్క ఉందని చేసేదాన్ని. ఆమె మేకలున్నాయని చేసింది. గణితం అంటే అదీ. ఆ పిల్లను బోర్డు దగ్గర నిలబెట్టి నేను దొంగ అన్నాను.

తెలుగు సారు ఆమె తండ్రిని తీసుకొచ్చాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. బిడ్డను బడికి పంపమని అడిగాను. ఆయన కోపంగా లేడు. కోపంగా ఉంటే నాకు కొంత సుళువయ్యేది.

"మేము సదువుకోనోళ్ళం మేడం. మీరు కాయితం పంపిండ్రు. లెక్కల మేడం రాసిచ్చిందంటే మంచిదే రాసిందనుకున్న. ఖుషీగ ఏలుముద్ర ఏసిన. రెండు దినాలకు బడి పోరగాండ్లు చెప్పిండ్రు దాంట్ల ఏమున్నదో. గసువంటి కాయితం మీద నేను ఏలుముద్ర ఏసిన్నని నా బిడ్డ నాతోని మాట్లాడలే. బాపు, నువ్వు గూడ ఒప్పుకున్నవా అన్నది."

"పొరపాటు జరిగింది" అన్నాను.

ఈ వాక్యాన్ని గమనించండి. పొరపాటు జరిగింది అన్నాను, పొరపాటు చేశాను అనలేదు. మబ్బు పట్టింది, వాన పడింది అన్నట్టు, అది దానంతటదే జరిగినట్టు చెప్పాను. ఆయన మంచి మనిషి. "సరే మేడం, తోలిస్త" అన్నాడు. తండా నుంచి తిరిగొస్తున్నప్పుడు తెలుగు సారు నాకంటే పది అడుగులు ముందే నడిచాడు.

ఆమె వార్షిక పరీక్ష రాయలేదు కాబట్టి పదో తరగతిలో కూర్చోబెట్టడానికి హెడ్‌మాస్టరును ఒప్పించాల్సి వచ్చింది. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్న మనిషి. గొడవలు ఇష్టపడడు. జరిగిందంతా ఆయనకు చెప్పి, "క్లాసులో అందరి ముందూ చెప్పాలనుకుంటున్నాను సార్, ఆమె చూసి రాయలేదని" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పిల్ల వచ్చింది గదమ్మా. ఇంక పాత ముచ్చట ఎందుకు కెలుకుతరు? టీచరే తప్పయిందంటే రేపు మీ మాట ఎవలు వింటరు? పదో తరగతి. క్రమశిక్షణ పోతది."

ఆ మాట నన్ను ఆపిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆపలేదు. ఆగడానికి నాకు ఒక కారణం కావాలి, ఆయన ఇచ్చాడు, అంతే. నేను గట్టిగా అని ఉంటే ఆయన కాదనేవాడు కాదు. నలభై మంది పిల్లల ముందు నోరు తెరిచి రెండు వాక్యాలు అనడానికి నాకే ధైర్యం చాలలేదు. సిలబస్ అయ్యాక చెబుదామనుకున్నాను. తర్వాత ప్రీ ఫైనల్స్ అయ్యాక అనుకున్నాను. ఆ రోజు రానే లేదు.

ఆ పిల్ల బడికి క్రమం తప్పకుండా వచ్చింది. నేను ప్రత్యేకంగా చూసుకున్నాను. సాయంత్రాలు విడిగా కూర్చోబెట్టి చెప్పాను, పుస్తకాలు కొనిచ్చాను. ఆమె మాత్రం మారిపోయింది. నోట్సు ఇప్పుడు చాలా నీటుగా ఉండేది. బోర్డు మీద నేను రాసింది రాసినట్టు, చుక్క పోకుండా దించుకునేది. ప్రతి లెక్కా "ఎక్స్ అనుకొనుము" అని మొదలుపెట్టేది. అవసరం లేని చోట కూడా. ఒకరోజు కావాలనే అలాంటి లెక్కే ఇంకోటి ఇచ్చాను. ఆటోలు, సైకిళ్ళు, చక్రాలు. "స్టెప్పులు వద్దు, నీకెట్లా తోస్తే అట్లా చెప్పు" అన్నాను.

పెన్ను పక్కన పెట్టి గైడు తిరగేసింది. "గైడుల గిట్ల లేదు మేడం" అంది.

"గైడు వదిలెయ్. మేకల లెక్క చేసినట్టు చెయ్యి. మీ మాటల్లోనే చెప్పు."

"వద్దు మేడం" అంది. ఆ గొంతులో మొండితనం లేదు. భయం. స్టెప్పులు రాస్తే ఎవరూ దొంగ అనరు. ఆ సంగతి నేనే నేర్పాను, బాగా నేర్చుకుంది. ఒకసారి కాలిన చెయ్యిని మళ్ళీ పొయ్యి దగ్గర పెట్టమంటే ఎవరు పెడతారు?

పదో తరగతి పాసైంది. లెక్కల్లో ఆ పిల్లకు వచ్చిన మార్కులు మామూలువి. ఆ ఏడు కూడా మా బడిలో అందరూ పాస్. గేటు ముందు బ్యానరు కట్టి నా పేరు రాశారు. దాని కింద నిలబడి స్టాఫంతా ఫోటో దిగాం. తెలుగు సారు ఆ రోజు సెలవు పెట్టాడు.

ఇంటర్‌లో ఎంపీసీలో చేర్పించాలని నా పట్టుదల. హాస్టల్ సీటు కోసం నేనే తిరిగాను. తండ్రీ బిడ్డలతో పాటు మహబూబాబాద్‌లో కాలేజీకి వెళ్ళాను. ఎండలో వరుసలో నిలబడ్డాం. దారి పొడుగునా చెప్తూనే ఉన్నాను, లెక్కలు తీసుకుంటే ఇంజనీరింగు ఉంది, నీ అంత తెలివి ఎవరికీ లేదు అని. ఆమె ఊఁ కొడుతూ వచ్చింది. దరఖాస్తులో గ్రూపు దగ్గరకు వచ్చేసరికి పెన్ను ఆగింది. కిటికీ అవతల క్లర్కు తొందరపెడుతున్నాడు.

"ఎంపీసీ రాయమ్మా" అన్నాను.

ఆమె తండ్రి వైపు చూసింది, తర్వాత నా వైపు. ఎంతో మర్యాదగా, నన్ను నొప్పించకూడదన్నట్టు అంది: "నాకు లెక్కలు రావు మేడం."

హెచ్‌ఈసీ అని రాసింది. చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్. అందులో తప్పేం లేదు, ఆ చదువులూ చదువులే. కానీ ఆమె ఇష్టపడి వాటి వైపు వెళ్ళలేదు, లెక్కల నుంచి పారిపోయి వెళ్ళింది. నా సర్వీసులో నేను చూసిన అందరిలోకీ లెక్క నిజంగా వచ్చిన పిల్ల ఆమె. తనకు రావని ఆమె అంటుంటే, పక్కన నిలబడి నేను కాదనలేదు. అప్పుడైనా చెప్పవచ్చు. వెనకాల వరుసలో జనం ఉన్నారు. తండ్రి మా ఇద్దరికీ నిమ్మరసం తెచ్చాడు. తాగి వచ్చేశాను.

తర్వాత రెండేళ్ళకు నాకు భూపాలపల్లి వైపు బదిలీ అయింది. చెల్పూర్ దగ్గర బడి. కరెంటు ప్లాంటులో పనిచేసే కాంట్రాక్టు కూలీల పిల్లలు, చుట్టూ గూడేల పిల్లలు. తెలుగు ఒక్కటే ఇంటి మాట అయిన వాళ్ళు సగం మంది కూడా ఉండరు. అక్కడ మొదటి రోజు నుంచీ ఒక నియమం పెట్టుకున్నాను. జవాబు చూసి తప్పు, ఒప్పు అనే ముందు "ఎట్ల చేసినవ్?" అని అడగాలి. ఏ భాషలో చెప్పినా వినాలి. నాకు అర్థం కాకపోతే ఆ భాష వచ్చిన పిల్లను పక్కన నిలబెట్టుకోవాలి. నవ్విన వాళ్ళను ఊరుకోకూడదు, మొట్టమొదట నేను నవ్వకూడదు. ఏక్, ది, తీన్ అంటూ లంబాడీలో వందదాకా నేర్చుకున్నాను. నా ఉచ్చారణకు పిల్లలు కడుపుబ్బ నవ్వేవాళ్ళు. నవ్వనిచ్చాను. అది నాకు తగిన శాస్తే.

"ఈ పిల్లకు లెక్కలు రావు" అని ఏ టీచరైనా అంటే నేను కొట్లాటకు దిగేదాన్ని. వెనక బెంచీ పిల్లలు సైన్సు ప్రదర్శనలకు వెళ్ళారు. పాలిటెక్నిక్‌లో చేరారు. ఇద్దరు ఆడపిల్లలు ఇంజనీరింగు దాకా వెళ్ళారు. బయటివాళ్ళకు ఇదంతా నా నిబద్ధతగా కనిపించింది. మా ఆయన మాత్రం అనేవాడు, "నువ్వు బడికి పోతలేవు, ఎవరికో తప్పు తీర్చుకోవడానికి పోతున్నవ్" అని. ఆయనకు నేను ఏమీ చెప్పలేదు. ముప్పై ఏళ్ళు కాపురం చేసినవాళ్ళకు కొన్ని తెలిసిపోతాయి.

రిటైర్మెంటుకు ఏడాది ముందు అవార్డు వచ్చింది. హైదరాబాద్ సభ గురించి చెప్పుకోవడానికేం లేదు. శాలువాలు మాత్రం చాలా కప్పారు. వాటితో చలి ఆగదు. తిరిగొచ్చాక మా బడిలో సన్మానం పెట్టారు. అదే ఆవరణలో ఉన్న ప్రైమరీ బడి పిల్లల తల్లిదండ్రులు కూడా వచ్చారు. ఉపన్యాసాలయ్యాయి, పిల్లలు డాన్సు చేశారు. జనం వెళ్ళిపోతుంటే, కుర్చీలు సర్దుతున్న చోట ఒక ఆమె చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

"గుర్తువట్టిండ్రా మేడం?"

గుర్తుపట్టాను. కొంచెం ఒళ్ళు చేసింది, కళ్ళ కింద నలుపు. ఆ నిలబడే తీరు మాత్రం అదే.

ఆమె భర్తది ప్లాంటులో కాంట్రాక్టు పని. ఆమె క్యాంటీన్‌లో రొట్టెలు చేస్తుంది. ఇంటర్ అయ్యాక ఇంకో రెండేళ్ళకు పెళ్ళయిందట. తండ్రి బాగున్నాడట. మేకలు అమ్మేశారట.

"ఎప్పటి నుంచి ఉంటున్నవ్ ఇక్కడ?"

"రెండేండ్లాయె మేడం."

"రెండేళ్ళా! రోజూ ఈ దారినే నేను వచ్చేది. ఒక్కరోజూ పలకరించలేదేమ్మా?"

"ఏమని పలకరించాలె?" అంది. నిష్ఠూరం కాదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. కూతురును ముందుకు తోసింది. "మా పిల్ల. గీడనే ఒకటో తరగతి. దీనికి జర లెక్కలు మంచిగ చెప్పుమని మీ ప్రైమరీ టీచర్లకు చెప్పుండ్రి మేడం. ఇంట్ల నేను చూపియ్యలేను. నాకు రావు గద."

అప్పుడు నా వల్ల కాలేదు. మెడలో దండ, భుజాన శాలువా అలాగే ఉన్నాయి. కుర్చీలు సర్దేవాళ్ళు చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

"నీకు లెక్కలు రాకపోవడమేందమ్మా! ఆ రోజు నువ్వు చూసి రాయలేదు. నీ జవాబు నీదే. నా సర్వీసు మొత్తంలో నీలాగ ఆలోచించిన పిల్లను నేను చూడలేదు. తప్పు నేను చేసిన. నిన్ను దొంగ అన్నా. అందరి ముందు అన్నా. నా తప్పు."

ఆమె నా వైపు చూడలేదు. కూతురు జడకు కట్టిన రిబ్బను ఊడిపోతుంటే వంగి, విప్పి, మళ్ళీ గట్టిగా కట్టింది. కట్టడం అయ్యాక లేచి నిలబడింది. దవాఖానకు ఒక్కరోజు ముందు తెచ్చి ఉంటే అని పెద్ద డాక్టరు మెల్లగా చెప్తాడే, అలా అంది:

"గీ మాట గప్పుడే క్లాసుల చెప్తె అయిపోతుండె గద మేడం."

అవునన్నాను. నా చేతిని ఒకసారి తన చేతిలోకి తీసుకుని వదిలింది. సాయంత్రం షిఫ్టుకు టైమైందని చెప్పి, బిడ్డను ఎత్తుకుని గేటు దాటి వెళ్ళిపోయింది.